అర నిమిషం వెనక

ఈ వీధిలో ప్రతి కప్పు మీదా
చేప ముల్లులా నిలబడ్డ ఏరియల్‌ని
ఒకప్పుడు నేనే బిగించాను.
పొగగొట్టానికి నడుం ఆనించి,
ఉత్తర సముద్రపు గాలి చెవుల్లో ఊళలు పెడుతుంటే
కింద నుంచి ఎవరో
"వచ్చింది, వచ్చింది, ఇక కదపకు" అని అరిచేదాకా
అటో వేలెడు, ఇటో వేలెడు తిప్పుతూ.

దీపం కింద చీకటన్నట్టు
మా వెనక గదిలో సాకెట్ లేదు.
ఎవరనుకున్నారు,
బొగ్గులు పోసుకునే కొట్లో
విల్ఫ్ గార్బట్ ఒకనాడు మంచం వేసుకుంటాడని!
మోకాలు మెట్లతో మాట్లాడడం మానేసింది.
సాకెట్ ఉన్న ముందు గదిని
మనవరాలు టామ్సిన్‌కీ, దాని పదకొండు రోజుల పిల్లకీ ఇచ్చాం.
ఇచ్చాం అంటే, నేనే.
ఇంట్లో ఇంకెవరున్నారు?

తలుపు కింద నుంచి కేబుల్ లాగాను.
తలుపు పడదు. చలి దూరి
నా పాదాల దగ్గర పడుకుంటుంది.
గోడకి కన్నం వేద్దామంటే
డ్రిల్లు తిరగకముందే చెయ్యి వణుకుతోంది.
కిటికీలో బుల్లి ఏరియల్ నిలబెట్టాను.
పన్నెండో నంబరు బస్సు పోయిన ప్రతిసారీ
వార్తలు చదివే ఆమె ముఖం పెంకులు పెంకులుగా రాలేది.
సముద్రపు పక్షి ఒకటి చూరు మీద వాలిందా,
రేపు వాన ఎక్కడో చెప్పకుండానే
వాతావరణం ఆగిపోయేది.

ఒక భుజాన పిల్లని వేసుకుని
టామ్సిన్ ఏదో చిన్న పెట్టె తగిలించింది.
"వైరు అక్కర్లేదు తాతా, గాల్లోంచే వస్తుంది."
నలభై ఏళ్ళు నేను పట్టిందీ గాల్లోంచే కదమ్మా,
అనలేదు.
బొమ్మ మాత్రం కడిగిన గాజు.
మూలన ఎర్రగా: లైవ్.

శనివారం. గుర్రాలు.
ఇంకా మూడు కంచెలున్నాయి.
నా బూడిదరంగుది అన్నిటికన్నా ముందు.
గోడ అవతల నోరీన్ స్టాంపర్ గావుకేక:
"నల్లది! నల్లదే! ఒరే నా బంగారు తండ్రీ!"
నా తెర మీద నల్లది ఇంకా అయిదోది.
గోడకి చెవులుంటాయంటారు.
మా గోడకి నోరుంది.
అర నిమిషం తర్వాత
ఆమె చెప్పినట్టే, అచ్చం ఆమె చెప్పినట్టే,
నల్లది వచ్చి నా అరపౌండు తన్నుకుపోయింది.

నోరీన్ ఇంటి మీది ఏరియల్
ఎనభై నాలుగులో నేను పెట్టిందే.
ఇప్పటికీ వంగలేదు, పాడుది.

సోమవారం ఆమె బట్టలారేస్తుంటే చెప్పాను.
"అయితే నీకు నేను సోదమ్మినన్నమాట" అని
పళ్ళ మధ్య క్లిప్పుతోనే నవ్వింది.

ఆ తర్వాత శనివారాల్లో
కేక సరిగ్గా గుర్రం గీత దాటినప్పుడే వచ్చింది.
నెట్టు బాగుపడిందనుకున్నాను.
తీగలతో బతికినవాణ్ణి, బుద్ధి ఉండొద్దూ!

నిన్న తెర మీద సున్నా ఒకటి
గిరగిరా తిరుగుతూ ఉండిపోయింది.
ముందు గదిలో తల్లీ పిల్లా నిద్ర.
లేపబుద్ధి కాలేదు.
చెవి తీసుకెళ్ళి గోడకి ఆనించాను.
గిట్టల చప్పుడు. చెప్పేవాడి గొంతు
పైకి, ఇంకా పైకి ఎక్కి, తెగింది.
పందెం అయిపోయింది.
కేక రాలేదు.

ఆపైన సన్నగా, చిల్లర లెక్కపెట్టుకుంటున్నట్టు,
"పదకొండు, పన్నెండు..."
పందొమ్మిది దగ్గర దగ్గొచ్చి, మింగేసి,
మళ్ళీ పందొమ్మిది నుంచి.
గెలిచిందెవరో ఆమెకి తెలుసు, నాకు తెలీదు.
నా కోసం అరుపు నోట్లో పెట్టుకుని
డెబ్బై ఆరేళ్ళ మనిషి
అక్కడ కుర్చీ అంచున కూర్చుని ఉంది.

ఇరవై తొమ్మిది దగ్గర
పిడికిలితో రెండుసార్లు గోడ తట్టాను.

అవతల కాసేపు ఏమీ లేదు. తర్వాత,
"తొందరపడకు విల్ఫ్,
ఇంకొక్కటుంది."